బ్యాంకు లాకరు మన బంగారానికి ఎంతవరకు రక్ష?

(జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవాల సందర్భంగా జరిగిన ఉపన్యాస కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు అప్పగించిన విషయం వేదాంతం కాదు, పురాణం కాదు. కేవలం లౌకికమైనది. అయినా ఇది ఈ మహోత్సవ సమయానికి తగిన విషయమే. కుంభాభిషేకం వంటి శుభకార్యం జరిగినప్పుడు మన ఇళ్ళలో రెండు పనులు జరుగుతాయి. దాచుకున్న నగలు లాకరు నుండి బయటికి వస్తాయి. ఇంటిల్లిపాదీ తాళం వేసి గుడికి వస్తారు. ఉత్సవం ముగిసిన పిమ్మట ఆ కాసులపేరు, ఆ వడ్డాణం, ఆ చంద్రహారం తిరిగి లాకరుకు చేరేవరకు ఇల్లాలికి కంటిమీద కునుకు ఉండదు. లాకరుకు చేరిన తరువాత మాత్రం ఇక ఏ చింతా లేదని మనమందరం గట్టిగా నమ్ముతాము. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో, ఎక్కడ మనం స్వయంగా జాగ్రత్త పడవలెనో విన్నవించడమే ఈ ప్రసంగ లక్ష్యం.

మన పూర్వులు సొమ్ము దాచుకున్న తీరు మీకు తెలియనిది కాదు. భోషాణం, ఇనప్పెట్టె, గోడలోని అర, నేలలో పాతిన బిందె. దాచినవాడు ఎవరికీ చెప్పకుండా కన్నుమూస్తే ఆ సొమ్ము వారసులకు దక్కలేదు; అందుకే ఊరూరా లంకెబిందెల కథలు మిగిలాయి. 1923లో బందరులో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించిన తరువాత, క్రమంగా బ్యాంకు అనేది కృష్ణా డెల్టా రైతు ఇంటికి దగ్గరైంది. పంట అమ్మిన పైకం బ్యాంకుకు చేరింది, దాని వెంట నగలూ చేరాయి. కానీ పైకాన్ని బ్యాంకులో వేయడం వేరు, నగలను లాకరులో పెట్టడం వేరు. ఈ భేదం తెలుసుకోవడమే మొదటి మెట్టు.

డిపాజిటు చేసిన పైకానికి బ్యాంకు మనకు బాకీదారు. ఎంత పుచ్చుకున్నదో దాని పుస్తకాలలో ఉంటుంది. నగలు కుదువబెట్టి అప్పు తీసుకున్నప్పుడు కూడా అంతే. నగ బరువు ఎంత, మేలిమి ఎంత అన్నది తూచి, గీటి, వ్రాసుకొని రసీదు ఇస్తారు. లాకరు విషయం అట్లా కాదు. అది అద్దెకు తీసుకున్న ఒక చిన్న ఇనుప గది. దానికి రెండు తాళంచెవులు కావాలి. ఒకటి బ్యాంకు ఉద్యోగి వద్ద, రెండవది మీ వద్ద. ఉద్యోగి తన తాళంచెవి త్రిప్పి ప్రక్కకు వెళ్ళిపోతాడు. మీరు లోపల ఏమి పెట్టారో, ఏమి తీశారో అతడు చూడడు, చూడరాదు. ఈ గోప్యత మనకు మేలే. అయితే రేపు ఏదైనా పోయినప్పుడు ‘లోపల ఏమున్నది?’ అన్న ప్రశ్నకు బ్యాంకు వద్ద సమాధానం ఉండదు. ఋజువు చూపవలసిన భారం మన మీదనే పడుతుంది.

2024 నవంబరులో వరంగల్లు జిల్లా రాయపర్తిలోని స్టేట్ బ్యాంకు శాఖలో దొంగలు చొరబడి, గ్యాస్ కట్టరుతో కోసి, సుమారు 19 కిలోల బంగారు నగలు అపహరించుకుపోయారు. అవి ఖాతాదారులు అప్పుల కోసం కుదువబెట్టిన నగలు. ఎవరి నగ ఎంత బరువో బ్యాంకు చిట్టాలో ఉన్నందున ఎవరికి ఎంత రావలెనో లెక్క తేల్చడానికి ఆధారం దొరికింది. అదే లాకర్లలోని సొమ్మైతే అటువంటి చిట్టా ఏదీ ఉండదు. 2014 అక్టోబరులో హర్యానాలోని గోహానాలో ప్రక్కనున్న పాడుబడిన ఇంటి నుండి సొరంగం త్రవ్వి బ్యాంకు లాకర్లను కొల్లగొట్టారు. 2024 డిసెంబరులో లక్నో నగరంలో గోడకు కన్నం వేసి 42 లాకర్లు పగులగొట్టారు. ఇటువంటి ఘటనలు తరచుగా జరిగేవి కావు. ఇంటి బీరువాతో పోల్చినప్పుడు లాకరు ఎంతో మెరుగైన రక్షణ. కాని అది సంపూర్ణ రక్షణ కాదని ఈ ఉదాహరణలు చెబుతున్నాయి.

దొంగల సంగతి అటుంచి, బ్యాంకు వారి అజాగ్రత్త వలన కూడా నష్టం కలగవచ్చును. కలకత్తాలో ఒక కుటుంబం 1950 దశకం నుండి యునైటెడ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా శాఖలో లాకరు ఉంచుకున్నది. అద్దె బాకీ ఉన్నదంటూ 1994లో బ్యాంకు వారు తాఖీదు ఇవ్వకుండానే దానిని పగులగొట్టి తెరిచారు. పిమ్మట దానిని వేరొకరికి కేటాయించారు. బాకీ ఏమీ లేదన్న సంగతి తరువాత తేలింది. లోపల ఏడు నగలు ఉన్నవని ఖాతాదారు వాదన. తిరిగి ఇచ్చినవి రెండే. ఆ వ్యాజ్యం వినియోగదారుల ఫోరాల మీదుగా సుప్రీం కోర్టుకు చేరి, 2021 ఫిబ్రవరి 19న తీర్పు వెలువడింది. జస్టిస్ మోహన్ ఎం. శాంతనగౌడర్, జస్టిస్ వినీత్ శరణ్‌ల ధర్మాసనం ఆ ఖాతాదారుకు 5 లక్షల రూపాయల పరిహారం, లక్ష రూపాయల ఖర్చులు ఇప్పించింది. లాకరుతో తమకు సంబంధం లేదని బ్యాంకులు చేతులు దులుపుకొనరాదని స్పష్టం చేసింది. ఆరు మాసాలలో తగిన నియమాలు రూపొందించవలెనని రిజర్వు బ్యాంకును ఆదేశించింది. అయితే మిగిలిన నగల మాట ఏమైనది? లోపల ఏమున్నదో సాక్ష్యాలతో తేల్చుకొనడానికి సివిలు కోర్టులో దావా వేసుకొనవచ్చునని చెప్పింది. అనగా దశాబ్దాల పోరాటం తరువాత కూడా ‘లోపల ఏమున్నది?’ అన్న ప్రశ్న ప్రశ్నగానే మిగిలింది.

ఆ తీర్పు ఫలితంగా రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 18న నూతన నియమాలను ప్రకటించింది. అవి 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చాయి. మీరు తప్పక తెలుసుకొనవలసిన అంశం ఒకటి అందులో ఉన్నది. అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడి, భవనం కూలుట, బ్యాంకు ఉద్యోగి మోసం అనే కారణాల వలన లాకరులోని సొమ్ము పోయినట్లయితే బ్యాంకు బాధ్యత వహించవలెను. ఆ బాధ్యత లాకరు సాలుసరి అద్దెకు నూరు రెట్లకు పరిమితం.

దీనిని మన లెక్కలోకి తెచ్చుకుందాము. మీ లాకరు అద్దె ఏడాదికి 2,000 రూపాయలు అనుకొనండి. బ్యాంకు బాధ్యత 2 లక్షలు. లోపల 20 కాసుల బంగారం, అనగా 160 గ్రాములు ఉన్నదనుకొనండి. 10 గ్రాముల మేలిమి బంగారం ధర 2025 ఏప్రిల్‌లో లక్ష రూపాయలు దాటింది. ఆ లక్ష ప్రకారమే లెక్కించినా 16 లక్షలు. మిగిలిన 14 లక్షల నష్టం మనదే. తెనాలి చుట్టుపట్ల ఆడపిల్లకు పసుపుకుంకుమల క్రింద పెట్టే బంగారం ఎంతో మీకు తెలియనిది కాదు. మీ ఇంటి లెక్క మీరే వేసుకొనండి.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకించి వర్తించే సంగతి వేరొకటి ఉన్నది. భూకంపం, వరద, పిడుగు, గాలివాన వంటి దైవిక ఘటనల వలన నష్టం జరిగితే బ్యాంకుకు బాధ్యత లేదని అవే నియమాలు చెబుతున్నాయి. కొండ ప్రాంతపు వారికి ఇది కేవలం ఒక వాక్యం కావచ్చును. కృష్ణ ఒడ్డున, సముద్రపు అంచున బ్రతికే మనకు కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమతో పాటు రేపల్లె, నిజాంపట్నం తీరం వారూ చవిచూశారు. 2009 అక్టోబరులో ఓలేరు వద్ద కరకట్టకు గండిపడి రేపల్లె ప్రాంతం జలమయమైంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపాననే తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చి కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల నదీతీర గ్రామాలను ముంచెత్తింది.

కాబట్టి లాకరు తీసుకొనే ముందు అద్దె ఎంత అని మాత్రమే అడుగవద్దు. లాకరు గది ఏ అంతస్తులో ఉన్నది, వీధి మట్టం కంటే ఎంత ఎత్తున ఉన్నది, ఆ వీధిలోకి వర్షాకాలంలో నీరు చేరుతుందా అని కూడా చూడవలెను. ప్రకృతి విపత్తుల నుండి తమ లాకరు గదులను కాపాడుకొనే శ్రద్ధ బ్యాంకులు వహించవలెనని నియమాలలోనే ఉన్నది. కనుక ఆ ప్రశ్న అడిగే హక్కు మీకున్నది. బంగారం నీట తడిస్తే చెడదు. కాని పొలం దస్తావేజులు, వీలునామాలు తడిస్తే అక్షరం మిగలదు. కాగితాలను నీరు చొరని సంచిలో చుట్టి, క్రింది వరుస లాకరు కంటే పై వరుసది కోరుకొనడం మేలు.

మరి మిగిలిన నష్టానికి మార్గమేమి? బీమా ఒక్కటే మార్గం. ఇక్కడ ఒక అపోహ తొలగవలెను. బ్యాంకు దివాళా తీసినప్పుడు 5 లక్షల వరకు వచ్చే బీమా డిపాజిట్లకు సంబంధించినది. లాకరులోని వస్తువులకు అది వర్తించదు. లాకరులోని సొమ్మును బ్యాంకు బీమా చేయదు. సాధారణ బీమా కంపెనీల వద్ద గృహబీమాతో పాటుగా నగలకు కూడా బీమా చేయించుకొనవచ్చును. అందులో లాకరులోని నగలు చేరినవా, వరద, తుపాను చేరినవా అన్నది పాలసీ పత్రంలో చదివి మరీ సంతకం చేయవలెను. బీమా కంపెనీ వారు కూడా మొదట అడిగేది నగల జాబితా, బిల్లులు, విలువ మదింపు పత్రమే.

ఇంతవరకు సొమ్ము పోవడం గురించి చెప్పుకున్నాము. సొమ్ము పోకుండానే మనవారికి దక్కకుండా పోయే స్థితి ఒకటి ఉన్నది. ఇది మన ఊళ్ళలో నానాటికీ పెరుగుతున్నది. పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటారు. తెనాలిలో తల్లిదండ్రులు ఇద్దరే. లాకరు తండ్రిగారి ఒక్కరి పేరనే ఉంటుంది. ఆయన కాలం చేస్తే ఆ తల్లి తన నగలు తాను తెచ్చుకొనడానికి కూడా వారసత్వ పత్రాల కోసం తిరుగవలసి వస్తుంది. నామినీ ఉన్నా, ఇద్దరిలో ఎవరైనా తెరువవచ్చునన్న షరతుతో జంటగా తీసుకున్నా ఈ అవస్థ చాలవరకు తప్పుతుంది. తగిన పత్రాలన్నీ అందిన 15 రోజులలో బ్యాంకు ఆ క్లెయిమును పరిష్కరించవలెను. 2025 నవంబరు 1 నుండి లాకరుకు నలుగురి వరకు నామినీలను ఒకరి తరువాత ఒకరు అనే క్రమంలో వ్రాయవచ్చును. నామినీ అంటే బ్యాంకు నుండి సొమ్ము అందుకొనే వ్యక్తి మాత్రమే. వారసుల హక్కు ఎక్కడికీ పోదు. కనుక నామినేషనుతో పాటు వీలునామా కూడా ఉండడం ఉత్తమం.

స్త్రీధనం విషయం ప్రత్యేకంగా చెప్పవలెను. స్త్రీధనం మీద సంపూర్ణాధికారం ఆ స్త్రీదేనని, ఆమె అనుమతి లేకుండా కన్నతండ్రి సైతం దానిని తిరిగి కోరజాలడని తెలంగాణ నుండి వెళ్ళిన ఒక వ్యాజ్యంలో 2024 ఆగస్టులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు కోడలి నగలు ఆమె పేరు లేని లాకరులో ఉండడం న్యాయమా? ఆమె పేరు చేర్చడం అపనమ్మకం కాదు, మర్యాద.

లాకరు తీసుకొని ఏళ్ళ తరబడి ముఖం చూపని వారు కూడా జాగ్రత్తపడవలెను. మూడేళ్ళు అద్దె చెల్లించకపోతే తాఖీదులు ఇచ్చి, పత్రికలలో ప్రకటించి, సాక్షుల సమక్షంలో, వీడియో తీస్తూ లాకరు తెరిచే అధికారం బ్యాంకుకు ఉన్నది. అద్దె క్రమంగా చెల్లుతున్నా ఏడేళ్ళపాటు లాకరును తెరువకుండా, యజమాని జాడ తెలియకుండా ఉంటే కూడా దానిని తెరువవచ్చును. విదేశాల నుండి సెలవులకు వచ్చిన పిల్లలు లాకరును ఒక్కసారి తెరిచి చూసి వెళ్ళడం మంచిది. బ్యాంకులో చిరునామా, ఫోను నెంబరు మారినప్పుడల్లా తెలుపవలెను. లాకరు తెరిచిన ప్రతిసారీ ఆనాడే సందేశం పంపవలెనన్నది నియమం. పాత నెంబరు ఉన్నట్లయితే ఆ సందేశం ఎవరికో చేరుతుంది.

బ్యాంకులే మారిపోయిన కాలమిది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. గుంటూరు కేంద్రంగా ఉన్న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుండి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో అంతర్భాగమైంది. శాఖలు ఒకటిగా కలిసినప్పుడు, స్థలం మారినప్పుడు లాకరుదారులకు రెండు మాసాల ముందుగా తెలియజేసి, రెండు పత్రికలలో ప్రకటన ఇవ్వవలెను. పాత బ్యాంకుతో ఎప్పుడో చేసుకున్న ఒప్పందంతో సరిపెట్టుకొనవద్దు. నూతన నియమాల ప్రకారం క్రొత్త ఒప్పందం మీద సంతకం చేసి, మీ ప్రతిని మీరు తీసుకొనవలెను.

నగదును లాకరులో పెట్టరాదు. ఒప్పందమే దానిని నిషేధిస్తున్నది. 2023లో ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాదులో ఒక తల్లి కూతురి పెళ్ళికని లాకరులో దాచిన 18 లక్షల రూపాయల నోట్లు చెదలపాలైనవి. ఆ పైకం డిపాజిటులో ఉన్నట్లయితే వడ్డీ కూడా వచ్చి ఉండేది.

ఇక స్వామివారి సొమ్ము. కిరీటం, కవచం, శఠారి, మకరతోరణం వంటివి అనేక ఆలయాలలో బ్యాంకు లాకరులో ఉండి ఉత్సవ దినములలో మాత్రమే గర్భాలయానికి వస్తాయి. వ్యక్తుల సొమ్ముకు చెప్పిన ప్రతి జాగ్రత్తా దీనికి ఇబ్బడిగా వర్తిస్తుంది, ఎందుకంటే దేవుని పక్షాన అడిగే వారసుడు లేడు. 1987 నాటి 30వ చట్టం, అనగా దేవాదాయ ధర్మాదాయ చట్టం, ఆలయ ఆస్తులతో పాటు ఆభరణాలను కూడా రిజిస్టరులో నమోదు చేయవలెనని విధించింది. పూరీ జగన్నాథుని రత్న భండారం విషయం అందరికీ గుణపాఠం. 1978లో జాబితా వ్రాసిన తరువాత దశాబ్దాలు గడిచాయి. లోపలి గది తాళంచెవులు కనిపించడం లేదని 2018లో బయటపడింది. చివరకు 2024 జులై 14న తాళాలు పగులగొట్టి తెరువవలసి వచ్చింది. అంతటి మహాక్షేత్రంలోనే తాళంచెవి కనిపించకపోతే చిన్న గుడుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. బాపట్ల భావనారాయణస్వామివారి గాలిగోపురం శతాబ్దాలు నిలిచి 2011లో కూలింది. రాతి కట్టడానికైనా, ఇనుప పెట్టెకైనా ఎప్పటికప్పుడు చూచుకొనే మనిషి ఉండవలెను.

ఆలయ ఆభరణాల లాకరు ఒక్క వ్యక్తి పేరున కాక ఆలయం పేరున, ఇద్దరు కలిసి తెరిచే షరతుతో ఉండవలెను. తీసిన ప్రతిసారీ, తిరిగి ఉంచిన ప్రతిసారీ తూకం వేసి రిజిస్టరులో వ్రాసి అర్చకులు, ధర్మకర్తలు సంతకాలు చేయవలెను. ధర్మకర్తలు మారినప్పుడు తాళంచెవితో పాటు జాబితాను కూడా అప్పగించవలెను. భక్తులు నగ సమర్పించినప్పుడు బరువుతో కూడిన రసీదు అడిగి తీసుకొనడం అమర్యాద కాదు. అది కూడా స్వామి సేవయే.

చివరగా, ఇంటికి వెళ్ళిన పిమ్మట చేయవలసిన పనులను క్లుప్తంగా మనవి చేస్తాను.

1. ప్రతి నగకు ఫొటో, బరువు, బిల్లుతో ఒక జాబితా వ్రాయండి. ఒక ప్రతి లాకరులో, ఒక ప్రతి ఇంట, ఒక ప్రతి నమ్మకమైన బిడ్డ వద్ద ఉంచండి.

2. లాకరును ఇద్దరి పేర్లకు మార్చండి. నామినీ పేరు నమోదైనదో లేదో అడిగి, రసీదు తీసుకొనండి.

3. అద్దెకు నూరు రెట్లు ఎంతో, లోపలి సొమ్ము విలువ ఎంతో లెక్కవేయండి. తేడాకు బీమా చేయించండి. సొమ్ము ఎక్కువైతే రెండు చోట్ల పెట్టండి.

4. ఏడాదికి ఒక్కసారియైనా తెరిచి చూడండి. మూసిన తరువాత తలుపు లాగి చూసి, బల్ల మీద, నేల మీద ఏదైనా మిగిలినదేమో గమనించి బయటికి రండి.

5. తాళంచెవి పోతే వెంటనే బ్యాంకుకు వ్రాతపూర్వకంగా తెలుపండి.

6. లోపల ఏదైనా తగ్గినదని తోచినచో ఆ రోజే ఫిర్యాదు ఇవ్వండి. లాకరు గదిలోకి రాకపోకల కెమెరా దృశ్యాలను బ్యాంకు కనీసం 180 రోజులు భద్రపరచవలెను. ఆ గడువు దాటితే ఉన్న ఒక్క సాక్ష్యం కూడా చేజారుతుంది.

లాకరు వద్దని నేను చెప్పడం లేదు. దానికి మించిన చోటు సామాన్య కుటుంబానికి నేటికీ లేదు. అయితే అది మన సొమ్ముకు గది మాత్రమే, కాపలా మన శ్రద్ధ. జాబితా, నామినీ, బీమా అనే ఈ మూడింటిని అమర్చుకున్న ఇల్లాలు, రేపు వరద వచ్చినా, ఇంటి పెద్దకు ఏమైనా, పరుల వాకిట చేయి చాపి నిలువనక్కరలేదు. వచ్చే పండుగకు లాకరు తెరిచినప్పుడు ఈ మూడూ ఉన్నవో లేవో చూచుకొనవలెనని మిమ్ములను కోరుతున్నాను.

స్వస్తి.